ఫోను బాగానే ఉంది, యాప్ మాత్రం తెరుచుకోదు

ఏటా ఏదో ఒక పెద్ద కంపెనీ కొత్త ఫోను విడుదల చేసిన కొద్ది రోజులకే మా బంధువుల్లో ఎవరో ఒకరు నాకు ఫోను చేసి అదే మాట అంటారు: "కొత్తది వచ్చింది కదా, అందుకే నా పాతదాంట్లో యాప్‌లు ఆగిపోయాయి. కావాలనే చేస్తారట, నిజమేనా?" నేను హైదరాబాద్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి జవాబు నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ అనుమానంలో సగం తప్పు ఉంది, సగం నిజం ఉంది. తప్పు సగాన్ని పట్టుకుని మొత్తం అనుమానాన్నే కొట్టిపారేసే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు తప్పు సగం. కొత్త మోడల్ దుకాణంలోకి వచ్చినంత మాత్రాన మీ చేతిలోని ఫోనులో ఏదీ మారదు. యాప్ మీ ఫోను ఏ ఏడాదిదో, దాని తర్వాత ఎన్ని మోడళ్లు వచ్చాయో చూడదు. అది చూసేది ప్రధానంగా ఒక్క సంఖ్యను: ఆ ఫోనులో నడుస్తున్న ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షన్ అన్నదే. ప్రతి యాప్ కోడులోనూ ఒక లైను ఉంటుంది. ఈ యాప్ నడవాలంటే కనీసం ఇన్నో వెర్షన్ ఉండాలి అని అందులో రాస్తాం. ప్లే స్టోర్ ఆ లైను చదివి, మీ ఫోను వెర్షన్ అంతకంటే తక్కువైతే యాప్‌ను మీకు ఇవ్వదు. ఒక ఊరి స్టేజీలో ఇకపై బస్సు ఆగదని డిపోలో నిర్ణయించడం లాంటిది ఇది. ఊరు ఉన్నచోటే ఉంటుంది, రోడ్డూ బాగానే ఉంటుంది, బస్సు మాత్రం ఆగకుండా వెళ్లిపోతుంది.

ఆ కనీస సంఖ్యను ఎలా ఎంచుకుంటారో బయటివాళ్లకు తెలియదు. ఆండ్రాయిడ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో కొత్త యాప్ మొదలుపెట్టినప్పుడు ఒక చిన్న జాబితా కనబడుతుంది. అందులో ఏ వెర్షన్ ఎంచుకుంటే, దాని కింద మీ యాప్ సుమారు ఇంత శాతం ఫోన్లలో నడుస్తుందని చూపిస్తుంది. సమావేశంలో కూర్చున్నవాళ్లు ఆ శాతం చూసి "98 ఉంది, చాలు" అని ముందుకు వెళ్లిపోతారు. నిర్ణయం నిమిషంలో అయిపోతుంది. కోటి మంది వాడాల్సిన యాప్‌లో మిగిలిన 2 శాతం అంటే 2 లక్షల మంది. పైగా ఆ 2 లక్షల మంది అన్ని రకాల ఇళ్లలోనూ సమానంగా పరచుకుని ఉండరు. కొడుకు వాడి వదిలేసిన ఫోనును వాడుతున్న తల్లులు, కూలీకి వెళ్లేవాళ్లు, పింఛను డబ్బుతో నెల గడుపుకునే పెద్దవాళ్లు అందులో ఎక్కువగా ఉంటారు. సగటు లెక్కలో వాళ్లు కనబడరు. సమావేశంలో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లూ ఉండరు.

ఇక్కడ నా వృత్తిలోనే చాలామంది చెప్పే ఒక సాకు ఉంది. "గూగుల్ ప్రతి ఏడాదీ కొత్త వెర్షన్‌కు మారమంటోంది, మేమేం చేస్తాం" అంటారు. గూగుల్ అడిగే మాట నిజమే. కానీ అది అడిగేది యాప్ ఏ కొత్త వెర్షన్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైందన్న సంఖ్య. ఏ పాత వెర్షన్ దాకా నడవాలన్న సంఖ్య వేరు, దాన్ని పెంచమని ఆ నియమం అడగదు. ఒకే యాప్ సరికొత్త ఆండ్రాయిడ్ నియమాలు పాటిస్తూనే పదేళ్ల కిందటి ఫోనులోనూ నడవగలదు. ఈ రెండు సంఖ్యలనూ కలిపేసి చెబితే యాజమాన్యం నమ్ముతుంది, జనమూ నమ్ముతారు.

అలాగని కనీస వెర్షన్ ఎప్పటికీ పెంచకూడదని నేను అనను. 2013లో వచ్చిన కిట్‌క్యాట్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్‌కు గూగుల్ ప్లే సర్వీసెస్ మద్దతు 2023లో ఆగింది. మ్యాపులు, లాగిన్, నోటిఫికేషన్లు వంటి పనులన్నీ దాని మీదే ఆధారపడతాయి కాబట్టి, అది ఆగాక మామూలు యాప్ రాసేవాళ్లు కిట్‌క్యాట్‌ను మోయడం నిజంగా కష్టం. యాప్‌లలో మేం వాడుకోవడానికి గూగుల్ ముందే రాసి ఇచ్చే కోడు, అంటే ఆండ్రాయిడ్‌ఎక్స్ లైబ్రరీలు కూడా 2025లో తమ కనీస స్థాయిని ఆండ్రాయిడ్ 6కు పెంచాయి. ఆండ్రాయిడ్ 6 వచ్చింది 2015లో. అంటే పునాది వేసేవాళ్లు సుమారు పదేళ్లు ఓపిక పట్టారు. దాని మీద చిన్న ఇల్లు కట్టుకునే యాప్‌లు నాలుగైదేళ్లకే తలుపులు వేసేస్తే, ఆ తొందరకు గూగుల్‌ను కారణంగా చూపడం సరికాదు.

వాట్సాప్ సంగతి చూడండి. 2023 అక్టోబరు నుంచి దానికి కనీసం ఆండ్రాయిడ్ 5 కావాలి. 2025 మే నుంచి ఐఫోన్లలో ఐఓఎస్ 15.1 కావాలి. ఆ రోజుతో ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్ వాడుతున్నవాళ్లకు వాట్సాప్ ఆగిపోయింది. వీటిలో 5ఎస్ 2013లో వచ్చిన ఫోను. దానికి ఆపిల్ 2023 జనవరిలో కూడా భద్రతా అప్‌డేట్ ఇచ్చింది. తయారుచేసిన కంపెనీ తొమ్మిదేళ్ల తర్వాత కూడా పట్టించుకున్న ఫోనును యాప్ కంపెనీ వదిలేసింది. జియోఫోను కథ ఇంకా బాధాకరం. 1,500 రూపాయల డిపాజిట్‌తో 2017లో వచ్చిన ఆ బటన్ల ఫోను కోట్ల ఇళ్లలోకి చేరింది. వాట్సాప్ అందులోకి 2018లో వచ్చింది. ఎందరో దాని మీదే మొదటిసారి గల్ఫ్‌లోని భర్తకు, కొడుక్కు వాయిస్ మెసేజ్ పంపారు. 2024లో ఆ ఫోన్లలో వాట్సాప్‌ను కొత్తగా దింపుకునే వీలు తీసేశారు, ఆ తర్వాతి ఏడాది మొదట్లో పాతవాళ్లకూ ఆగిపోయింది. ఫోను బటన్లు పనిచేస్తూనే ఉన్నాయి, బ్యాటరీ నిలుస్తూనే ఉంది.

ఎవరూ కావాలని చేయకపోయినా ఆగిపోయే సందర్భాలూ ఉంటాయి. ఫోను ఒక వెబ్‌సైటును నమ్మాలంటే, ఆ సైటు చూపే ధ్రువపత్రాన్ని తనలో ముందే ఉన్న నమ్మకస్తుల జాబితాతో పోల్చుకుంటుంది. ఆ జాబితా సిస్టమ్‌లో భాగం, అప్‌డేట్ రాకపోతే అది పాతబడిపోతుంది. కోట్ల వెబ్‌సైట్లకు ఉచితంగా ధ్రువపత్రాలు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థకు 2020లో ఈ చిక్కు వచ్చింది. వాళ్లు ఇచ్చే ధ్రువపత్రాలన్నిటికీ ఆధారమైన కొత్త మూల ధ్రువపత్రం 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్‌ల జాబితాలో లేదు. అలాంటి ఫోన్లు మొత్తం ఆండ్రాయిడ్ ఫోన్లలో 33.8 శాతం అని ఆ నవంబరులో వాళ్లే ప్రకటించారు. వాళ్లు ఆధారపడుతున్న పాత మూల ధ్రువపత్రం గడువు 2021 సెప్టెంబరు 30తో తీరిపోతుంది. అప్పుడు మూడింట ఒక వంతు ఫోన్లను గాలికి వదిలేయడం వాళ్లకు తేలిక. వాళ్లు వదలలేదు. పాత ఆండ్రాయిడ్ తన జాబితాలోని మూల ధ్రువపత్రాల గడువు తేదీని పట్టించుకోదన్న సాంకేతిక వివరాన్ని వాడుకుని, పాత మూల ధ్రువపత్రం ఇచ్చిన సంస్థతో కొత్తదానికి మరో సంతకం చేయించి, 2024 సెప్టెంబరు దాకా ఆ ఫోన్లను నడిపించారు. విరాళాల మీద నడిచే లాభాపేక్ష లేని సంస్థ అది. పాత ఫోనును వదిలేయడం అనివార్యమని ఎవరైనా నాకు చెప్పినప్పుడు గుర్తొచ్చేది ఈ ఉదాహరణే.

మరి ఫోను ఆ పాత వెర్షన్ దగ్గరే ఎందుకు ఉండిపోతుంది? కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించుకుంటే సరిపోదా అని అడుగుతారు. అక్కడ అడ్డం పడేది చిప్పు. కెమెరా, మోడెమ్, తెర వంటివి పనిచేయాలంటే చిప్పు కంపెనీ ఇచ్చే డ్రైవర్లు కావాలి. కొత్త ఆండ్రాయిడ్‌కు సరిపడే డ్రైవర్లు చిప్పు కంపెనీ ఇవ్వకపోతే ఫోను కంపెనీ చేతులెత్తేస్తుంది. డచ్చి కంపెనీ ఫెయిర్‌ఫోన్ 2015 చివర్లో ఫెయిర్‌ఫోన్ 2 తెచ్చింది, అందులో క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ 801 చిప్పు. ఆ చిప్పుకు ఆండ్రాయిడ్ 6తో క్వాల్‌కామ్ మద్దతు ఆపేసింది. అంతటి చిన్న కంపెనీ సొంతంగా కష్టపడి దాన్ని 7కు, 9కి, 10కి తీసుకెళ్లి, 2023 మార్చి దాకా అప్‌డేట్లు ఇచ్చింది. ఆండ్రాయిడ్ 5.1తో పుట్టిన ఫోను ఏడేళ్లు బతికింది. పెద్ద కంపెనీలకు డబ్బూ ఇంజినీర్లూ అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. ఇప్పుడు గూగుల్ పిక్సెల్ 8తో, శాంసంగ్ గెలాక్సీ ఎస్24తో ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ముందుకొచ్చాయి. మంచిదే. కానీ అవి ఖరీదైన ఫోన్లు. పది వేల లోపు ఫోన్లలో చాలావాటికి ఒకటి రెండు పెద్ద అప్‌డేట్లు దక్కితే అదే గొప్ప. తక్కువ ధరకు కొన్నవాళ్ల ఫోనే త్వరగా పాతబడుతుంది, వాళ్లే మళ్లీ త్వరగా కొనాలి.

ఇప్పుడు అనుమానంలోని నిజం సగానికి వస్తాను. కంపెనీలు పాత ఫోన్లను నెమ్మదింపజేస్తాయన్నది వట్టి పుకారు కాదు. 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది: బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా ఉండటానికి ఒక అప్‌డేట్‌తో వాటి వేగం తగ్గించామని. కారణం సాంకేతికంగా అర్థమయ్యేదే. కానీ ఆ సంగతి వాడేవాళ్లకు చెప్పలేదు. బ్యాటరీ మార్పిస్తే తీరిపోయే ఇబ్బందికి ఎందరు కొత్త ఫోను కొన్నారో! 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. శాంసంగ్ మీద అభియోగం మన చర్చకు ఇంకా దగ్గరిది. కొత్త నోట్ 7 కోసం తయారైన ఆండ్రాయిడ్ వెర్షన్‌ను పాత నోట్ 4 వాడేవాళ్ల చేత పెట్టించి, దానివల్ల వచ్చే ఇబ్బందులు చెప్పలేదన్నది. కొత్త మోడల్‌కు, పాత ఫోను అవస్థకు నేరుగా సంబంధం ఉందని ఒక దేశపు నియంత్రణ సంస్థే తేల్చిన సందర్భం అది.

ఇంతకంటే నిశ్శబ్దంగా జరిగేది ఒకటుంది, దాన్ని నేను రోజూ చూస్తాను. యాప్ రాసేవాళ్ల చేతిలో ఎప్పుడూ కొత్త ఫోనే ఉంటుంది. 12 జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో పరీక్షిస్తే ఏ బరువైన తెర అయినా చకచకా కదులుతుంది. అదే యాప్ 2 జీబీ ఫోనులో తెరుచుకుంటుంది కానీ, టైపు చేసిన అక్షరం తెర మీదికి రావడానికి రెండు క్షణాలు పడుతుంది, ఓటీపీ చూద్దామని మెసేజ్‌లలోకి వెళ్లి వచ్చేలోపు మూతబడి మళ్లీ మొదటికి వస్తుంది. కాగితం మీద ఆ ఫోనుకు మద్దతు ఉంది. వాడే మనిషికి మాత్రం లేదు. కొత్త మోడళ్లు పాత ఫోన్లను దెబ్బతీసేది అసలు ఈ దారిలోనే. మా కళ్లముందున్న ఫోను మారితే మా ఓపిక మారుతుంది, యాప్ లావెక్కుతుంది. గూగుల్ తక్కువ ర్యామ్ ఫోన్ల కోసం తెచ్చిన యూట్యూబ్ గో యాప్‌ను 2022లో మూసేసింది. మామూలు యూట్యూబ్ ఇప్పుడు చిన్న ఫోన్లలోనూ బాగానే నడుస్తోందని కారణం చెప్పారు. చిన్న ఫోను చేతిలో ఉన్నవాళ్లను అడిగితే ఆ మాట అంత ధైర్యంగా చెప్పరు.

భద్రత మాటేమిటి అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అప్‌డేట్లు రాని ఫోనులో లోపాలు పూడవు, బ్యాంకు యాప్‌కు అది నిజమైన భయమే. అయితే మన తెలుగు రాష్ట్రాల్లో జనం ఖాతాలు ఖాళీ అవుతున్న తీరు చూడండి. పోలీసు అధికారులమని చెప్పి భయపెట్టే ఫోన్లు, ట్రాఫిక్ చలానా పేరుతోనో పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే నకిలీ యాప్ ఫైళ్లు. ఇవి సరికొత్త ఫోనులోనూ అంతే సులువుగా పనిచేస్తాయి. పాత వెర్షన్ ప్రమాదమని నమ్మితే ఆ ఫోనులో రోజుకు ఇంతకు మించి పంపలేరని పరిమితి పెట్టండి, నిల్వ చూసుకోవడానికి, చిన్న చెల్లింపులకు అనుమతించండి. తలుపు పూర్తిగా మూసేస్తే ఆ మనిషి ఏం చేస్తాడు? పక్కింటి కుర్రాడి ఫోనులో తన ఖాతా తెరిచి, పిన్ను అతనికి చెబుతాడు. నేనిది కళ్లారా చూశాను. మా పెద్దమ్మ బ్యాంకు యాప్ ఆమె ఫోనులో ఆగిపోయాక పింఛను వచ్చిందో లేదో చూసుకోవడానికి కాలనీలోని కిరాణా కొట్టు అబ్బాయి మీద ఆధారపడింది. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇది భద్రత పెంచిన ఏర్పాటని నేను ఒప్పుకోలేను.

ఇంకో అన్యాయం ఉంది. ఫోను మీద మమకారం ఉండి, కాస్త నేర్పు ఉన్నవాళ్లు లీనియేజ్ ఓఎస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించి పాత ఫోనుకు కొత్త ఆండ్రాయిడ్, తాజా భద్రతా సవరణలు తెచ్చుకుంటారు. కానీ చాలా బ్యాంకు యాప్‌లు ఫోను సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ మార్చలేదని తేల్చే గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ పరీక్షను అడుగుతాయి, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి బూట్‌లోడర్ అనే తాళం తెరిచిన ఫోను అందులో నెగ్గడం కష్టం. దాంతో ఏళ్లుగా సవరణలు అందని కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఫోనును ఆ యాప్ రానిస్తుంది, గత నెల సవరణలతో ఉన్న ఫోనును బయటే ఆపుతుంది. భద్రతే లక్ష్యమైతే లెక్క తలకిందులుగా ఉంది.

ఆటల యాప్ ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు. నా బాధంతా తప్పనిసరి యాప్‌ల గురించే. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరును ఎన్ఎంఎంఎస్ యాప్‌లో, రోజుకు రెండుసార్లు ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరి చేశారు. కూలీల హాజరు వేసే మేటు చేతిలోని ఫోను మొరాయిస్తే కూలీ చేసిన పని లెక్కలోకి రాదు. అది ఏ గడ్డపార తప్పూ కాదు, ఏ మనిషి తప్పూ కాదు. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లనే వెనక్కి ఇచ్చేసి నిరసన తెలిపారు. ర్యామ్ చాలదని, వేడెక్కుతున్నాయని, మరమ్మతు ఖర్చు తామే పెట్టుకుంటున్నామని వాళ్ల మొర. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులు హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని ప్రశ్నించారు. పింఛనుదారులు ముఖం చూపించి జీవన ప్రమాణ పత్రం ఇచ్చే సౌకర్యం 2021 నవంబరులో వచ్చింది, ఇంటి నుంచి కదలలేని వాళ్లకు అది వరమే. కానీ దానికి అడిగిన ఫోను 4 జీబీ ర్యామ్, 5 మెగాపిక్సెల్ కెమెరా ఉన్నది. ఎనభై ఏళ్ల మనిషి చేతిలో అలాంటి ఫోను ఉంటుందని ఎలా అనుకున్నారో! అదృష్టవశాత్తూ అక్కడ బ్యాంకుకు వెళ్లే దారి, పోస్టుమాన్‌ను ఇంటికి పిలిపించుకునే దారి తెరిచే ఉంచారు. అదే సరైన పద్ధతి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. ధ్రువపత్రం కోసం కార్యాలయం చుట్టూ తిరిగే పని తగ్గితే సంతోషమే, నేను దాన్ని మెచ్చుకుంటాను. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఏ ఫోనులో ఆ సేవ అందుతుందో, ఏ ఫోనులో అందదో నిర్ణయించేది అమరావతి కాదు, కాలిఫోర్నియాలోని వాట్సాప్ యజమాని మెటా. వాళ్లు కనీస వెర్షన్ పెంచిన రోజున శ్రీకాకుళంలోనో అనంతపురంలోనో కొందరికి ప్రభుత్వ కిటికీ ఒకటి మూసుకుపోతుంది. అందుకే మీసేవ, గ్రామ సచివాలయాల కౌంటర్లను తగ్గించే ఆలోచన ఎవరు చేసినా గట్టిగా వ్యతిరేకించాలి.

చేయగలిగిన పనులు కళ్లముందే ఉన్నాయి. యూపీఐని స్మార్ట్‌ఫోను లేనివాళ్లకు కూడా అందించడానికి 2022 మార్చిలో 123పే తెచ్చారు. బటన్ల ఫోనులో మాటలతో, మిస్డ్ కాల్‌తో డబ్బు పంపే ఏర్పాటది. అంత క్లిష్టమైన పనే బటన్ల ఫోనులో కుదిరినప్పుడు, హాజరు వేయడానికి ఆరేళ్ల కిందటి ఆండ్రాయిడ్ చాలదంటే నేను నమ్మను. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపిన తేదీ నుంచి కనీసం 5 ఏళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, 7 ఏళ్లు కీలకమైన విడిభాగాలు అందించాలి. మన దేశంలో 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ వచ్చింది, విడిభాగాల సమాచారం ఒకచోట చేరడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్లు ఇచ్చి తీరాలన్న నిబంధన మాత్రం రాలేదు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పాత ఫోనుకు కొత్త బ్యాటరీ, కొత్త తెర వేయించుకోవచ్చు. కొత్త ఆండ్రాయిడ్ వేయించుకోలేం. చట్టం అక్కడే కావాలి.

అప్పటిదాకా ఫోను కొనేవాళ్లకు నేను చెప్పేది కెమెరా మెగాపిక్సెళ్ల లెక్క పక్కన పెట్టి, అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో దుకాణదారును అడగమని. ప్రభుత్వ యాప్‌ల టెండర్లు రాసే అధికారులను నేను అడిగేది ఇంకొంచెం ఎక్కువ. కనీసం ఎనిమిదేళ్ల కిందటి ఆండ్రాయిడ్‌లో, 2 జీబీ ర్యామ్‌లో నడవాలని టెండరులోనే రాయండి. పరీక్షకు ఖరీదైన ఫోన్లు వాడనివ్వకండి, మేటులూ ఆశా కార్యకర్తలూ వాడుతున్న ఫోన్లలాంటివే తెప్పించి వాటి మీద నడిపి చూపించమనండి. కనీస వెర్షన్ పెంచాల్సి వస్తే ఏడాది ముందు తెలుగులో చెప్పండి, ఆ పెంపుతో ఎంతమంది బయట పడతారో ఆ సంఖ్యను ప్రకటనలోనే రాయండి. యాప్ నడవని మనిషికి అదే పని జరిగే కౌంటరు ఎక్కడుందో యాప్ మొదటి తెర మీదే, ఫోన్ నంబరుతో సహా ఉండాలి.